కొత్త జంట తీర్మానం

జనవరి ఒకటో తారీఖు ఆరాధనలో, గడిచిన ఏడాదిలో పెళ్ళయిన జంటలన్నీ లేచి నిలబడాలి. ఖరగ్‌పూర్‌లో ఆ తెలుగు క్రైస్తవ సంఘానికి ఇది తాతల నాటి పద్ధతి. కొత్త సంవత్సరంలో ఏం చేయదలచుకున్నారో భర్త ఒక మాట, భార్య ఒక మాట చెప్పాలి. దాన్ని తీర్మానం అంటారు. పెద్దలు చుట్టూ నిలబడి ఆ తీర్మానం మీద ప్రార్థన చేస్తారు. అక్కడితో అయిపోదు. ఏడాది పొడుగునా ఎక్కడ కనబడితే అక్కడ, "ఏటి బాబూ, నీ తీర్మానం ఎంతవరకొచ్చింది?" అని అడుగుతారు. వెనకటికి ఒకాయన బీడీలు మానేస్తానని సంఘం ముందు చెప్పి, గోల్‌బజార్‌లో చర్చి పాస్టరు అయ్యగారు ఎదురుపడేసరికి వెలుగుతున్న బీడీని జేబులో వేసుకుని పెళ్ళి చొక్కా కాల్చుకున్నాడు.

జెనీకి ఈ పద్ధతంటే చిన్నప్పటి నుంచీ పిచ్చి. ఊళ్ళోనే ఖరిదా పేటలో వాళ్ళ ఇంట్లో అద్దం ముందు నిలబడి, తువ్వాలు మేలిముసుగులా నెత్తి మీద వేసుకుని, "నా తీర్మానం ఏటంటే..." అని మొదలుపెట్టేది. ఒక ఏడు సైకిలు నేర్చుకోవడం, ఇంకో ఏడు అమ్మ మీద విసుక్కోకపోవడం. డిగ్రీ చదివే రోజుల్లో ఆ తీర్మానాలు బాగా పెద్దవైపోయాయి. బస్తీలో పిల్లలందరికీ చదువు చెప్పేదాకా వెళ్ళాయి. ఏం చెప్పినా, అద్దంలో తన పక్కన ఒక మనిషి పట్టేంత చోటు మాత్రం ఖాళీగా వదిలేది. అక్టోబరులో ఆ చోట్లోకి ఎరిక్ వచ్చాడు.

వచ్చాక ఆమెకు ప్రతి రోజూ పండగే. పొద్దున్నే రైల్వే వర్క్‌షాపు సైరన్ కూయగానే, చల్లటి తన పాదాలు అతని కాళ్ళకు ఆనించి లేపడం ఒక పండగ. మంచులో సైకిలు మీద వచ్చే మనిషి దగ్గర ఖర్జూర బెల్లం కొని, గిన్నె వంటింట్లోకి చేరకముందే ఇద్దరూ గుమ్మంలో నిలబడి సగం తినేయడం ఇంకో పండగ. టమాటా పండ్లు తెమ్మంటే అతను పచ్చికాయలు తెచ్చిన రోజున ఆమె పడీపడీ నవ్వి వాటితోనే పచ్చడి నూరింది. పెళ్ళిచూపుల్లో కట్టుకున్న ఆకుపచ్చ చీరను, "ఆ మట్టిరంగు చీర నీకు బాగుంది" అని తరవాత ఎప్పుడో మెచ్చుకున్నాడు. అబ్బాయిలో కాస్త కవిత్వం కూడా ఉందనుకుని మురిసిపోయింది.

ఆ టమాటాలు, ఆ చీర ఇప్పుడు గుర్తొస్తే ఆమెకు నవ్వు రావడం లేదు.

ఎరిక్ వాళ్ళది రైల్వే ఇల్లు. తాత రైల్వే. నాన్న లూకా వర్క్‌షాపులో ఫిట్టర్, వచ్చే వేసవిలో రిటైరవుతాడు. ఆ తరవాత క్వార్టర్ ఖాళీ చేయాలి. ఎరిక్ అప్రెంటిస్ చేసి, విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్కులో ఒక ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని చేస్తూ, రైల్వే పరీక్ష కోసం ఏళ్ళ తరబడి కాచుకున్నాడు. వయసు దాటిపోబోయే ముందు, ఆఖరి అవకాశంలో, రాతపరీక్ష గట్టెక్కాడు. పరుగు గట్టెక్కాడు. వచ్చింది పాయింట్స్‌మన్ పోస్టు. యార్డులో బళ్ళు పట్టాలు మారే చోట జెండాలూ దీపాలూ చూపించే పని. మెడికల్ ఒక్కటే మిగిలింది. పిలుపు రాగానే ఫ్యాక్టరీ పని మానేశాడు.

డాక్టరు రంగురంగుల చుక్కలున్న అట్టలు ఒక్కొక్కటే ముందు పెట్టి, లోపల ఏ అంకె ఉందని అడిగాడు. ఎరిక్‌కి చుక్కలు తప్ప మరేమీ కనబడలేదు. ఇదేదో తెలివికి పరీక్ష అనుకుని తోచిన అంకెలు చెప్పుకుంటూ పోయాడు. ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా పట్టలేని కళ్ళు తనవని అతనికి తెలిసింది ఆ గదిలోనే. ఆ కళ్ళు ఆ పోస్టుకి పనికిరావన్నారు. ఫ్యాక్టరీకి తిరిగి వెళ్తే అతని మెషీను దగ్గర వేరే మనిషి ఉన్నాడు.

ఈ సంగతి జెనీ ఒక్కదానికే చెప్పాడు. అమ్మకు క్రిస్మస్ పండగ వెళ్ళాక చెబుదామనుకున్నాడు. వాళ్ళమ్మ ఎమిలీ అంతవరకూ ఆగలేదు.

ఎమిలీకి ఒక గట్టి నమ్మకముంది. ఏదైనా కావాలనుకుంటే, అది వచ్చేసినట్టే సంఘంలో నిలబడి ముందుగా సాక్ష్యం చెప్పేయాలి. అప్పుడిక దేవుడికి ఇవ్వక తప్పదు. లూకాకు కిడ్నీలో రాయి పుట్టినప్పుడు, నొప్పితో మెలికలు తిరుగుతున్న మనిషిని చర్చికి లాక్కొచ్చి, "మా ఆయన రాయి పోయింది, స్తోత్రం" అని సాక్ష్యం చెప్పింది. మర్నాడు నిజంగానే రాయి పడిపోయింది. అప్పటి నుంచీ ఆవిడను పట్టేవాళ్ళు లేరు. మొన్న క్రిస్మస్ ఆరాధనలో కొత్త చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ లేచి, "నా కొడుక్కి రైల్వేలో ఉద్యోగం వచ్చింది" అంది. ఎరిక్ నోరు తెరిచేలోగా చర్చి మొత్తం చప్పట్లు కొట్టింది.

ఆ చప్పట్ల తరవాత అతను మాటలు మానేశాడు. సాయంత్రమైతే స్టేషన్ దగ్గర కాలిబాట వంతెన ఎక్కి, రెయిలింగు పట్టుకుని, కిందనున్న పట్టాలకేసి చూస్తూ నిలబడేవాడు. స్వెటర్ ఇచ్చే వంకతో జెనీ వెనకాలే వెళ్ళేది. స్వెటర్ ఇచ్చాక కూడా వెనక్కి వచ్చేది కాదు.

డిసెంబరు ముప్పై ఒకటి పొద్దున అత్తాకోడళ్ళు గులాబి పువ్వులు వేస్తున్నారు. పువ్వు అచ్చును పిండిలో ముంచి నూనెలో పెడితే, పిండి అచ్చును విడిచి పువ్వులా తేలుతుంది. జెనీ చేతిలో ఒక్క పువ్వూ విడవడం లేదు. అన్నీ అచ్చుకే అంటుకుని మాడిపోతున్నాయి.

"నూనె మరిగిపోతంది సూడవే! ఏటాలోచిస్తన్నావు?" అంది ఎమిలీ.

"ఏటీ లేదత్తమ్మా."

"రేపటి తీర్మానం గురించేగా? నువ్వు బుర్ర పాడుసేసుకోకు. నేను ఆలోచించీసినాను. ఆడు 'రైల్వేలో నమ్మకంగా పని సేస్తాను' అంటాడు. నువ్వు 'ఆయనకి ఏళకి కేరేజీ కడతాను' అను. అయిపోయింది."

"నేను వేరేది అనుకున్నానత్తమ్మా."

"ఏటది?"

"ఇంకా కుదర్లేదు."

"కుదరకపోతే నా కేరేజీ ఎలాగూ ఉంది. రేపు మీతోపాటు నిలబడే ఆ రిచర్డు పెళ్ళాం బీఈడీ సదువుతానని సెప్తాదంట. సెప్పనీ. ఆడికి రైల్వే ఉద్యోగం లేదు కదా!" ఎమిలీ పకపకా నవ్వి, వెంటనే గొంతు తగ్గించింది. "అది సరే గానీ, ఎరిక్ ఎందుకలాగున్నాడే? అన్నం దగ్గర కూకుని లేసిపోతన్నాడు. ఆర్డరు రాలేదని బెంగా? నేను ముందే సెప్పీసినాను కదా, ఇంక బయమేటి?"

జెనీ నాలుక చివరిదాకా వచ్చింది మాట. ఆవిడ ముఖంలో ఆ ధీమా చూసింది. ఆ ధీమా వెనకాల, లోలోపల ఎక్కడో మొదలైన భయం కూడా చూసింది. ఇది తను చెప్పాల్సిన మాట కాదు. తను చెబితే ఎరిక్‌కి దాచుకోవడానికి ఇంట్లో ఒక మూల కూడా మిగలదు.

"ఆయన్నే అడగండత్తమ్మా" అంది, మాడిన పువ్వును అచ్చు నుంచి గీకుతూ.

"అడిగితే మాటాడితేగా! మద్దేనం ఆడ్ని గోల్‌బజార్ తీసుకెల్లు. రేపటికి మంచి సొక్కా ఒకటి కొను. ఆడి ముఖం కూసింత ఎలుగుతాది."

గోల్‌బజార్‌లో కాలు పెట్టే చోటు లేదు. రిక్షాల గంటలు, చేపల వాసన, బుట్టల నిండా కమలాపండ్లు. మామూలుగా అయితే జెనీ అడుగడుక్కీ ఆగేది. ఈరోజు కూడా ఆగింది, ఎరిక్ కోసం. ఒక కమలా వొలిచి తొన చేతిలో పెట్టింది. తిన్నాడు. పులుపో తీపో ముఖంలో తెలియలేదు. "ఈ ఏడాదికి ఇదే ఆఖరి పండు" అని నవ్వించబోయింది. "ఊఁ" అన్నాడు.

బట్టల కొట్లో బెంగాలీ దాదా చొక్కాలు బల్ల మీద గబగబా పరిచేశాడు. ఎరిక్ వాటి మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు. ఎంతసేపటికీ ఏదీ తీయడు.

"బోలియే దాదా, హరా కి లాల్?" అన్నాడు కొట్టాయన హుషారుగా.

ఆకుపచ్చా, ఎరుపా? మామూలు ప్రశ్న. ఎరిక్ చెయ్యి చొక్కాల మీద నుంచి జారింది. వెనక్కి తిరిగి, మనుషుల్ని తోసుకుంటూ వెళ్ళిపోయాడు. జెనీ సగం కమలాపండు చేత్తో పట్టుకుని అతని వెనకాలే పరుగెత్తింది. ఎటు వెళ్తాడో ఆమెకు తెలుసు. తెలిసినందుకే పరుగెత్తింది.

వంతెన మీద అతని పక్కకు చేరేసరికి ఆమెకు ఊపిరి అందడం లేదు. అతని స్వెటర్ చేతిని గట్టిగా పట్టుకుంది. కింద యార్డులో సాయంత్రపు పొగమంచు అప్పుడే దిగుతోంది.

ఇంట్లో నలుగురి ముందూ "ఈయన", "ఆయన" అనే జెనీ ఇద్దరే ఉన్నప్పుడు అతన్ని పేరు పెట్టి పిలిచేది.

"ఎరిక్, ఒక్కటి చెప్పు. వచ్చే ఏడు చేయాలనుకున్న పని ఒక్కటి. పెద్దదేం అక్కర్లేదు."

"ఉంటే సెప్పనా?"

"దిఘా ఎల్లి సముద్రం చూద్దామనుకున్నాం కదా. అది చెప్పు."

"సంఘంలో నిలబడి సముద్రం సూస్తానని సెప్పాలా? పనీ పాటా లేనోడు, ఇంకేటి సేస్తాడు, సముద్రమే సూస్తాడు అంటారు."

"పోనీ ఇంకో పరీక్ష. రంగులతో పని లేనిది. ఏదో ఒక కోర్సు..."

"జెనీ, ఆపు." అతను యార్డు వైపు చెయ్యి చాపాడు. "అదిగో ఆ సిగ్నల్. ఏ రంగు?"

"ఎరుపు."

"నీకు రంగు కనబడతంది. నాకు కింద దీపం ఎలిగిందా, మీద దీపం ఎలిగిందా, అదొక్కటే తెలుస్తాది. సిన్నప్పటి నుంచి అలాగే సూసి సెప్పీవోడిని. అందరూ అలాగే సూస్తారనుకున్నాను." ఒక గూడ్సు బండి వంతెన కింద నుంచి వెళ్తోంది. అది దాటేవరకూ ఆగాడు. అంతసేపూ జెనీ పిడికిలి బిగుసుకునే ఉంది. "మా తాత ఈ యార్డులో పని సేసినాడు. ఇక్కడ నిలబడితే, నన్నెవరో తప్పు బండిలోంచి దింపీసినట్టుంటంది."

"తప్పు నీది కాదు కదా."

"ఎవరిదైతేనేటి? రేపు పొద్దున్న సైరన్ కూస్తాది. ఊరంతా లేస్తాది. నేనెందుకు లేవాల? కళ్ళు ఇప్పగానే బయమేస్తంది. ఒక్క కారణం సెప్పు, జెనీ. నువ్వు సదువుకున్నావు కదా. ఏడాదికి ఒకటి సొప్పున తీర్మానాలు కట్టినావు కదా."

జెనీ వెతికింది. అద్దం ముందు చెప్పుకున్నవన్నీ ఒక్కొక్కటే తలచుకుంది. ఒక్కటీ ఇతని చేతిలో పెట్టదగ్గది కనబడలేదు. "నేనున్నాను కదా" అందామనుకుంది. తను ఉండగానే కదా ఇతను ఇలా అయిపోతున్నాడు, అనిపించి ఆ మాట కూడా మింగేసింది.

"నువ్వు ఖరిదా ఎల్లిపో. మీ అమ్మావోళ్ళ దగ్గర ఉండు" అన్నాడు ఎరిక్, ఆమె వైపు చూడకుండా.

"ఎల్లను."

"నాతో ఉంటే నువ్వు కూడా ఇలాగైపోతావు."

"అయితే అవుతాను. ముందు ఇంటికి నడు. చలిగా ఉంది."

ఇల్లు చేరేదాకా ఆ స్వెటర్ చెయ్యి వదల్లేదు. గుమ్మంలో చూసుకుంటే అల్లిక సాగిపోయి, ఒక చెయ్యి రెండోదానికంటే పొడుగైపోయింది.

మర్నాడు చర్చి నిండిపోయింది. కొత్త జంటలకు ముందు వరసలో చోటు వదిలారు. ఎరిక్ పాత చొక్కాలోనే వచ్చాడు. ఆడవాళ్ళ వైపు నుంచి ఎమిలీ మెడ చాచి, "కేరేజీ, కేరేజీ" అని పెదవులతో కోడలికి గుర్తుచేస్తోంది.

అయ్యగారు జ్ఞానప్రకాశం ముందుగా రిచర్డును పిలిచారు. రిచర్డు, "ఈ ఏడు కోపం తగ్గించుకుంటాను" అన్నాడు. అతని భార్య లేచి, "నేను బీఈడీ సదువుతాను. ఆయన కోపం తగ్గితే" అంది. చర్చి గొల్లున నవ్వింది. పెద్దలు ప్రార్థన చేశారు.

"ఇప్పుడు మన ఎరిక్, జెనీ."

జెనీ లేచింది. ఎరిక్ లేవలేదు. తల వంచుకుని తన అరచేతులకేసి చూసుకుంటున్నాడు. ఆమె ఇన్నేళ్ళు కలగన్న చోటు ఇదే. పక్కన ఖాళీగా వదిలిన చోటూ అదే. అది ఖాళీగానే ఉంది.

"లే బాబూ, ఎందుకా బిడియం?" అన్నారు అయ్యగారు. "రేపు యార్డులో ఇలాగే కూర్చుంటే బళ్ళన్నీ ఆగిపోతాయి!"

అందరూ నవ్వారు. ఆ నవ్వు మధ్యలోనే ఎరిక్ లేచాడు.

"నా తీర్మానం..." అని ఆగాడు. "రేపు పొద్దున్న లేస్తాను."

నవ్వు ఇంకా పెద్దదైంది. "కొత్త పెళ్ళికొడుకు కదా, లెగడం కష్టమే మరి!" అని మగవాళ్ళ వైపు నుంచి ఎవరో అరిచారు. ఎమిలీ కూడా చేత్తో నోరు మూసుకుని నవ్వింది. ఎరిక్ నిలబడ్డాడు. నవ్వులన్నీ తగ్గేదాకా నిలబడ్డాడు.

"నాకు ఉద్యోగం రాలేదండి. మెడికల్‌లో తీసీసినారు. నాకు రంగులు తెలీవు. మా అమ్మకి ఈ సంగతి తెలీదు. నమ్మకంతో సెప్పింది. ఆవిడ తప్పు లేదు. నేనే ఎవరికీ సెప్పలేదు." "ఫ్యాక్టరీ పని కూడా పోయింది. ఈ ఏడు ఏటి సేస్తావంటే నాకేటీ తెలీట్లేదు. రేపు పొద్దున్న లేస్తాను. అంతవరకే సెప్పగలను. అది కూడా కష్టంగానే ఉంది."

అయ్యగారు చేతిలోని కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ తీసేశారు. ఏం చేయాలో తోచక జెనీ వైపు తిరిగారు.

"అమ్మా... నీ తీర్మానం?"

కేరేజీ, సముద్రం, బస్తీ పిల్లలు, ఏవీ దగ్గరికి రాలేదు.

"నేను లేపుతాను" అంది.

ఈసారి ఎవరూ నవ్వలేదు. పద్ధతి ప్రకారం పెద్దలు వచ్చి చుట్టూ నిలబడ్డారు. ఇలాంటి తీర్మానం మీద ప్రార్థన ఎలా చేయాలో వాళ్ళలో ఎవరికీ తెలియలేదు. అయ్యగారు ఎరిక్ తల మీద చెయ్యి వేసి, మొదలుపెట్టి ఆపి, మళ్ళీ మొదలుపెట్టారు. "ప్రభువా, రేపు పొద్దున్న..." అన్నారు. చాలాసేపటికి "ఆమేన్" అన్నారు. అందరూ "ఆమేన్" అన్నారు.

ఎమిలీ సీటు అప్పటికే ఖాళీ అయింది. అందరికీ పంచాలని తెచ్చిన గులాబి పువ్వుల డబ్బా మూత తీయకుండా బెంచీ మీదే ఉంది. లూకా దాన్ని చంకలో పెట్టుకుని కొడుకు పక్కన నడిచాడు. క్వార్టర్ గేటు దగ్గర, "నాకు ముందే సెప్పుంటే బావుండును రా" అని, ఒక్క క్షణం ఆగి, "పోన్లే" అని లోపలికి వెళ్ళిపోయాడు.

ఎమిలీ వంటింట్లో నేల మీద కూర్చుని ఉంది. జెనీ వెళ్ళి పక్కన కూర్చుంది.

"మా తమ్ముడు తిమోతి కూడా అంతే" అంది ఎమిలీ, గోడకేసి చూస్తూ. "పండు మిరపకాయకీ పచ్చి మిరపకాయకీ తేడా తెలిసేది కాదు. మేవందరం ఆడ్ని ఏడిపించీవోళ్ళం. జబ్బనుకోలేదే."

ఈ రకం చూపు తల్లి వైపు నుంచి కొడుకులకు వస్తుందని జెనీ కాలేజీలో చదువుకుంది. చెప్పలేదు.

"నా నోరే ఆడి గొంతు మీద కూకుంది. నేను ముందే వాగకపోతే, ఇంట్లో ఏడ్సీవోడు. నా ఒళ్ళో ఏడ్సీవోడు."

జెనీ ఆవిడ చెయ్యి పట్టుకుంది. పిండి ఆరిన వేళ్ళు గరుగ్గా ఉన్నాయి.

"రేపు ఆడు లేస్తాడా?"

"తెలీదత్తమ్మా."

లేస్తాడు, లేచేశాడు, స్తోత్రం, అని ఎమిలీ అంటుందేమోనని చూసింది జెనీ. ఎమిలీ చీర చెంగుతో ముఖం తుడుచుకుంది. అంతే.

రెండో తారీఖు సైరన్ కూసేసరికి జెనీ మేలుకునే ఉంది. ఆ కూత ఎప్పటిలాగే కిటికీ అద్దాలను అదిలించి, లైన్ల మీదుగా ఊరంతా పాకింది. ఎరిక్ వెల్లకిలా పడుకుని పైకప్పుకేసి చూస్తున్నాడు. ఆమె తన చల్లటి పాదాలు అతని కాళ్ళకు ఆనించింది. అతను కదల్లేదు.

సైరన్ ఆగిపోయింది. బయట సైకిళ్ళ చప్పుడు మొదలైంది. లూకా సైకిలు స్టాండు తీసి, ఎక్కకుండా గేటు దగ్గరే ఉండిపోయాడు.

"ఎరిక్" అంది.

నిన్న అందరి ముందూ అతను అన్న మాటకు బలం అయిపోయిందేమో. ఇక చెప్పడానికి జెనీ దగ్గర ఏమీ లేదు, కొత్త ఏడాదీ లేదు, సముద్రమూ లేదు. పాదాలు మాత్రం తీయలేదు. అతని కాళ్ళ వెచ్చదనం నెమ్మదిగా తన వేళ్ళలోకి ఎక్కేదాకా అలాగే ఉంచింది.

"ఎంత సల్లగున్నాయే నీ కాళ్ళు" అన్నాడు ఎరిక్ పైకప్పుకేసి చూస్తూనే.

"లేస్తే తీస్తాను."

అతను నెమ్మదిగా పక్కకు తిరిగి, ఒక కాలు దుప్పటి లోంచి తీసి, మంచులా ఉన్న సిమెంటు నేల మీద పెట్టాడు. అక్కడే ఆగాడు. మంచం పట్టెను రెండు చేతులా పట్టుకుని, ఒంటి కాలు కింద పెట్టి, కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు. జెనీ ముట్టుకోలేదు. తొందరపెట్టలేదు.

గుమ్మంలో ఎమిలీ టీ గ్లాసుతో నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో. కొడుకు పాదం నేల మీద చూసి ఆవిడ నోరు తెరుచుకుంది. ఏదో అనబోయి, గట్టిగా పెదవులు బిగించుకుని, గ్లాసును కిటికీలో పెట్టి, చప్పుడు చేయకుండా వెళ్ళిపోయింది.

గేటు దగ్గర సైకిలు ఇంకా కదల్లేదు.

ఎరిక్ రెండో కాలు కింద పెట్టాడు.